రెండో వైపు

"పెళ్లికానివాళ్లు ఈ వైపు. రెండో సంబంధం వాళ్లు ఆ వైపు. ఆ రెండో వైపులో నలభై దాటిన ఆడవాళ్లని మళ్లీ వేరే పెట్టమ్మా" అంది ఇంద్రాణి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని స్క్రీను మీదికి వంగుతూ.

జ్యోతిక మౌస్‌తో ఒక బాక్సును పట్టుకుని కుడిపక్కకు లాగింది. దానికి అతుక్కుని ఉన్న బాణం కూడా రబ్బరులాగా సాగుతూ వచ్చింది.

"ఇట్లనా మేడం?"

"ఆ, అంతే. ఎంత తేలిగ్గా ఉందమ్మా. మా ఆఫీసు పిల్ల ఒక్కొక్కళ్లకీ టైపు చేసి పంపేసరికి సాయంత్రమయ్యేది."

ఇంద్రాణికి దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి సంబంధాల ఆఫీసు ఉంది. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి, ఇంటి ముందుగదిలో ఒక టేబులు వేసుకుని మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ మెసేజ్‌లు పంపిన పిల్ల పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఇంక ఆ పనికి మనిషిని పెట్టడం ఎందుకు, మిషన్‌కే అప్పజెబుదామని చైతన్యపురిలోని ఈ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది.

ఆఫీసంటే రెండు గదులు. కింద కోచింగ్ సెంటర్, పక్కన ఆడపిల్లల హాస్టల్. మెట్రో రైలు వెళ్లినప్పుడల్లా టేబుల్ మీది టీ కప్పులు సన్నగా వణుకుతాయి. రవితేజ పెట్టిన కంపెనీ అది. పళ్ల డాక్టర్లకు, చీరల షాపులకు, ట్యూషన్లకు వాట్సాప్‌లో వాటంతటవే వెళ్లే మెసేజ్‌లు తయారుచేసి ఇస్తారు. ప్రోగ్రాములు రాయనక్కర్లేదు. తెల్లటి తెర మీదికి బాక్సులు లాక్కొచ్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు కలపడమే. ఒక బాక్సు మెసేజ్ పంపుతుంది. ఒకటి చెప్పినన్ని రోజులు ఆగుతుంది. ఒకటి వివరాలు చూసి మనిషిని ఇటో అటో మళ్లిస్తుంది. ఆ అల్లికనంతా కలిపి ఫ్లో అంటారు. జ్యోతిక వేసిన ఫ్లోలో ఒక బాణం ఇంకో బాణాన్ని దాటదు. ఎక్కడ చెయ్యి పెట్టినా చిక్కు పడదు. అందుకే కొత్త క్లయింట్ ఎవరొచ్చినా రవితేజ ఆమె పక్కన కుర్చీ వేస్తాడు.

"వీళ్లకు ఏమని పోవాలె మేడం?"

"రాసుకో. 'మీకు తగిన సంబంధం కోసం శ్రద్ధగా వెతుకుతున్నాం. త్వరలో కబురు చేస్తాం.' ముందర వాళ్ల పేరు వచ్చేట్టు పెట్టు. మా పిల్ల ఏడాదిగా ఇదే పంపేది."

"వాళ్ల నంబరుకు ఒక్కదానికేనా?"

"కాదు, పెద్దల నంబరని ఇంకోటి ఉంటుంది చూడు. నాన్నదో, అన్నదో. వాళ్లకీ వెళ్లాలి. ఫోన్ చేసి విసిగించేది వాళ్లేగా."

జ్యోతిక 'రెండు నంబర్లకూ' అన్న గడిలో టిక్కు పెట్టింది. మెసేజ్ బాక్సు కింద బాణం ఇంకా దేనికీ కలవలేదు. ఖాళీగా ఉన్న కొసన ఎర్ర చుక్క వెలుగుతోంది. దాన్ని దేనికో ఒకదానికి కలిపేదాకా ఫ్లో ముందుకు కదలదు.

"మెసేజ్ పోయినంక వీళ్లను ఎవరి దగ్గరికి పంపాలె? మీ ఆఫీసుల ఎవరైనా ఫోన్ చేస్తరా?"

"ఎవరూ చెయ్యక్కర్లేదు. పదిరోజులాగి మళ్లీ అదే."

"మళ్ల అదేనా?"

"అదే." ఇంద్రాణి గొంతు కాస్త తగ్గించింది. "భార్య పోయిన యాభై ఏళ్లాయన కూడా నా దగ్గరికొచ్చి పెళ్లికాని పిల్లుందా అనే అడుగుతాడమ్మా. వీళ్లని అడిగేవాళ్లు లేరు. లేరని మొహం మీద చెప్తే కష్టపెట్టుకుంటారు. చూస్తున్నాం అంటే ఓ ఆశ. ఎవరికేం నష్టం చెప్పు?"

జ్యోతిక ఆ బాణం కింద పదిరోజులు ఆగే బాక్సు ఒకటి పెట్టింది. దాన్నుంచి వచ్చే బాణం కొస పట్టుకుని పైకి వంచి, మెసేజ్ బాక్సుకే తిరిగి కలిపింది. ఎర్ర చుక్క ఆరిపోయింది. తెర మీద గుండ్రంగా ఒక దారి ఏర్పడింది. లోపలికి వచ్చినవాళ్లు అందులోనే తిరుగుతుంటారు. బయటికి వెళ్లే బాణం ఎటువైపూ లేదు.

ఇంద్రాణి వెళ్లాక జ్యోతిక ఫ్లోను పరీక్షించడానికి కూర్చుంది. పరీక్షకు ఒక మనిషి కావాలి. ఎప్పటిలాగే తన పేరే వేసింది. తన నంబరు వేసింది. పెద్దల నంబరు దగ్గర అమ్మ నంబరు వేసింది. వయసు దగ్గర మాత్రం, అటువైపు వెళ్లాలి కాబట్టి, నలభై రెండు అని కొట్టింది. 'ఇంతకుముందు వివాహం జరిగిందా' అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఒక క్షణం ఆగింది. ఇక్కడ అబద్ధం వెయ్యాల్సిన పనిలేదు. 'అవును' మీద నొక్కి, తన ఫోన్‌కు మెసేజ్ రాగానే సిస్టం ఆపేసి బస్సెక్కింది.

*

కర్మన్‌ఘాట్‌లో ఇల్లు చేరేసరికి సుమిత్రమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కూతురి భుజానికున్న బ్యాగు తానే తీసుకుంది. ఎన్నడూ లేనిది, చాయ్ పెట్టి మూత వేసి ఉంచింది. స్కూల్ వ్యాను నడిపే జంగయ్య అప్పుడే వచ్చినట్టున్నాడు, కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. అతని మొహంలోనూ ఏదో కొత్త వెలుగు ఉంది. కానీ కూతురి వైపు చూడకుండా టీవీ వైపు చూస్తున్నాడు.

"ఏందమ్మా?" అంది జ్యోతిక.

"ఏం లేదు బిడ్డా. మంచి పని చేసినవ్." సుమిత్రమ్మ కొంగుతో ఫోను తుడిచి కూతురి ముందు పెట్టింది. "మేమడిగితే కోపం చేస్తవని ఊకున్నం. నువ్వే పేరిచ్చుకున్నవ్. గంతకంటె ఏం గావాలె."

ఫోన్‌లో మెసేజ్ తెరిచే ఉంది. 'జ్యోతిక గారికి నమస్తే. మీకు తగిన సంబంధం కోసం శ్రద్ధగా వెతుకుతున్నాం. త్వరలో కబురు చేస్తాం.' సాయంత్రం వచ్చినట్టుంది. అమ్మ దాన్ని ఎన్నిసార్లు చదువుకుందో, నాన్నకు ఎన్నిసార్లు చదివి వినిపించిందో.

జ్యోతిక చాయ్ గ్లాసు కింద పెట్టింది. "అమ్మా, అది టెస్టు. పోతుందా లేదా అని చూసుకుంటం. నీ నంబరు ఊకెనే ఏసిన."

"టెస్టంటే?"

"ఉత్తదే. మిషన్ పంపింది."

సుమిత్రమ్మ ఫోను తీసుకుని మళ్లీ చదివింది. చదువుతుంటే పెదవులు కదిలాయి. "మరి వెతుకుతున్నం అని రాసిండ్రు గదనే?"

"ఎవ్వరు వెతుకుతలేరమ్మా."

"వెతకకుంటే గట్లెట్ల రాస్తరు?"

"రాసింది నేనే."

జంగయ్య రిమోట్ అందుకుని టీవీ గొంతు పెంచాడు. సుమిత్రమ్మ ఫోను బోర్లా పెట్టి, చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక "చాయ్ చల్లారుతుంది, తాగు" అంది, తలెత్తకుండానే.

ఆమె ఒక్క మాట తిట్టి ఉంటే జ్యోతికకు అంత కష్టమనిపించేది కాదు.

*

మర్నాడు పొద్దున ఫ్లో పబ్లిష్ అయింది. టీ తాగి వచ్చేలోపు రెండో వైపున వేరే పెట్టిన ఆడవాళ్లందరికీ మెసేజ్ వెళ్లిపోయింది. కాసేపట్లోనే జవాబులు రావడం మొదలైంది. వాటిని చూడాల్సిన పని జ్యోతికకు లేదు. ఆ వైపు నుంచి వచ్చే జవాబులు ఎవరికీ వెళ్లకుండా ఇన్‌బాక్సులో ఒక మూలన పడి ఉండేట్టు తనే అమర్చింది. అయినా తెరిచింది.

'ఫొటో పాతదైపోయింది మేడం. కొత్తది దిగి పంపమంటారా. బొట్టు పెట్టుకోవాలా వద్దా చెప్పండి.'

'ఊర్లె ఉన్నోళ్లయినా పర్వలేదు. పిల్లలున్నా పర్వలేదు.'

'అన్నం తిన్నారా మేడం. ఎప్పుడూ మీరే మెసేజ్ పెడతారు, నేనూ ఒకసారి అడుగుదామని.'

ఇంకొకటి సూర్యప్రభ అనే ఆవిడది. 'ధన్యవాదాలండీ. అలాగే చూస్తూ ఉండండి. నాకేం తొందర లేదు.' పాత పిల్ల పంపినప్పటి సంభాషణ కూడా పైన ఉంది. ప్రతిసారీ అదే జవాబు. నాకేం తొందర లేదు. నిదానంగా చూడండి. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు.

జ్యోతిక ఆ మాటల దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. అడిగీ అడిగీ, ఇంక అడగడానికి కూడా మొహమాటపడే స్థితికి వచ్చిన మనిషి కళ్లముందు నిలబడింది. ఆ మనిషికి ఎందుకో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ మొహమే వచ్చింది.

రవితేజ దగ్గరికి వెళ్లి, ఇది అబద్ధం, ఇలా పంపకూడదని చెప్పింది. అతను హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి విన్నాడు.

"నువ్వు చెప్పేది అర్థమైంది. కానీ క్లయింట్ ఏం పంపమంటే అది పంపుతాం. వాళ్ల మాటలు మనవి కావుగా."

"టైపు చేసేది మనమే గద సార్."

"చీరల షాపువాళ్లు ఆఖరి రోజు ఆఫర్ అని ప్రతి నెలా పంపిస్తారు. అదీ నువ్వే టైపు చేస్తావు" అన్నాడు రవితేజ, హెడ్‌ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుంటూ.

ఇంద్రాణికి ఫోన్ చేసింది. ఇంద్రాణి ఏదో నిశ్చితార్థంలో ఉన్నట్టుంది, వెనక సన్నాయి మోగుతోంది. "జవాబులు నువ్వెందుకు చదువుతున్నావమ్మా? అవి చదవడం మొదలుపెడితే రాత్రి నిద్రపట్టదు. వదిలెయ్" అని పెట్టేసింది.

జ్యోతిక తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. రెండో వైపు బాక్సు తెరిచి, పాత వాక్యాలు చెరిపేసి కొత్తవి రాసింది. 'ప్రస్తుతం మీకు తగిన సంబంధాలు మా దగ్గర లేవు. మీ కోసం మేము వెతకడం లేదు. మీరు వేరే చోట ప్రయత్నం చేసుకోవచ్చు. ఇంతకాలం చెప్పనందుకు క్షమించండి.' 'క్షమించండి' అన్నది రెండుసార్లు తీసి, రెండుసార్లు మళ్లీ పెట్టింది. మాటలు మార్చినప్పుడల్లా వాట్సాప్ వాళ్ల ఆమోదం రావాలి. అది వచ్చేలోపు డబ్బా తెరిచి అన్నం తింది. మనసు మార్చుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మెసేజ్ పక్కన ఆకుపచ్చ టిక్కు పడి ఉంది. పబ్లిష్ నొక్కగానే అందరికీ, రెండు నంబర్లకూ వెళ్లిపోయింది.

బరువు దించినట్టయింది. ఆ సాయంత్రం అమ్మతో మామూలుగా మాట్లాడగలిగింది.

*

మర్నాడు ఆఫీసుకు వచ్చీ రాగానే రవితేజ "బ్యాగ్ దించకు" అన్నాడు. ఇద్దరూ మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు. దారిలో అతను ఒకటే మాట అన్నాడు. "నన్ను అడిగి చేసుంటే కనీసం ఇద్దరం కలిసి తిట్లు తినేవాళ్లం."

ఇంద్రాణి టేబుల్ మీద రెండు ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి. ఆవిడ కేకలెయ్యలేదు. జ్యోతికను ఎదురు కుర్చీలో కూర్చోమని చెయ్యి చూపించి, వచ్చిన కాల్ పూర్తిచేసింది. "లేదమ్మా, మీలో లోపమేం లేదు... ఏడవకండి... లేదు, ఫొటో వల్ల కాదు." పెట్టేసి, కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది.

"నిజం చెప్పాలనిపించింది నీకు. చెప్పావు. బాగానే ఉంది. ఆ నిజం విని ఏడ్చేవాళ్లతో మాట్లాడేది మాత్రం నేను. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే పని."

జ్యోతిక ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. నలభై నాలుగు, నలభై అయిదేళ్లావిడ లోపలికి వచ్చింది. నేత చీర, భుజాన బ్యాగు, బ్యాగులోంచి మడతపెట్టిన తెల్లకోటు అంచు కనిపిస్తోంది. చెమట పట్టిన మొహం తుడుచుకోకుండానే ఫోను ముందుకు చాపింది.

"నా పేరు సూర్యప్రభండీ. ఈ మెసేజ్ ఎవరు పంపారు?"

ఇంద్రాణి గడ్డంతో జ్యోతిక వైపు చూపించింది.

జ్యోతిక లేచి నిలబడింది. "నేనేనండి. ఏడాది సంది మీకు అబద్ధం చెప్తున్నరు. మీకు నిజం తెల్వాలని..."

"నాకు తెలుసమ్మా."

"ఏంది?"

"ఎవరూ వెతకడం లేదని. మొదట్నుంచీ తెలుసు. తెలియనిది మా అన్నయ్యకి."

మోగుతున్న ఫోన్‌ను ఇంద్రాణి వేలితో నొక్కి ఆపింది. కుర్చీ జరిపి "కూర్చోండి" అంది.

సూర్యప్రభ కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ చెప్పింది. మలక్‌పేటలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఎల్బీనగర్‌లో అన్నయ్య నాగార్జున ఇంటి మీద చిన్న పోర్షన్‌లో ఉంటుంది.

"మా అన్నయ్య చెడ్డవాడేం కాదు. మా ఆయన పోయాక నన్ను తీసుకొచ్చి పెట్టుకుంది ఆయనే. మా వదిన తమ్ముడు ఒకతను ఏలూరులో ఉన్నాడు. భార్య పోయింది. తల్లి మంచం మీద ఉంది. ఆ ఇంటికో మనిషి కావాలి. ఎప్పట్నుంచో అదే మాట. నాకు పెళ్లి వద్దు అని ఎన్నిసార్లు చెప్పానో. మొహమాటపడుతున్నానంటారు. కొన్నాళ్లకి నువ్వే సర్దుకుంటావంటారు. చివరికి నేనే ఇక్కడ పేరిచ్చాను. చేసుకుంటే బయట సంబంధం చేసుకుంటాను, వీళ్లు చూస్తున్నారు అన్నాను. అప్పట్నుంచి పదిరోజులకోసారి మీ మెసేజ్ ఆయన ఫోన్‌కి వస్తుంది. అది చూసుకుని, సరే, వెతుకుతున్నారుగా, కొన్నాళ్లాగుదాం అనుకుంటాడు. నేను వద్దంటే అది మాట కాదండీ. ఆఫీసు నుంచి వస్తే మాట."

"నిన్న..." అంది జ్యోతిక.

"నిన్న మధ్యాహ్నం చూశాడు. బ్యూరో వాళ్లే లేవన్నారు, ఇంకెందుకు ఆగడం అని ఏలూరు ఫోన్ చేసేశాడు. ఆదివారం వస్తున్నారు. వదిన స్వీట్లకి చెప్పింది."

నాకేం తొందర లేదు. నిదానంగా చూడండి. జ్యోతికకు ఆ జవాబులు ఒక్కొక్కటీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ మాటల్లో తనకు నీరసించిన ఆశ కనిపించింది. అవి రాసిన మనిషేమో నిండు తెలివితో, నవ్వుకుంటూ రాసి ఉంటుంది.

"మీకెందుకు ఒద్దండి?" అని అడిగింది. అడిగాక, తనను ఎవరైనా ఇలా అడిగితే ఎంత మండేదో గుర్తొచ్చింది.

సూర్యప్రభ మాత్రం నొచ్చుకోలేదు. "అదే, ఎందుకంటే ఏం చెప్పను. పొద్దున్నే మెట్రో ఎక్కుతాను. అప్పుడు ఖాళీగా ఉంటుంది, కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. మధ్యాహ్నానికి నా పని అయిపోతుంది. వచ్చి, నాకు కావలసింది వండుకుని, కావలసినంత సేపు పడుకుంటాను. ఎప్పుడు లేచావని అడిగేవాళ్లు లేరు. బావుందమ్మా నాకు. ఇది ఎవరికైనా చెప్తే కారణంలా ఉండదు."

రవితేజ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను వచ్చింది పోట్లాడ్డానికి కాదు" అంది సూర్యప్రభ. "పాతది మళ్లీ పంపగలరా? ఆయన ఫోన్‌కి. నిన్నటిది పొరపాటున వచ్చిందని."

జ్యోతిక ఇంద్రాణి వైపు చూసింది. ఇంద్రాణి టేబుల్ మీది కాగితాలు పక్కకు జరిపి చోటు చేసింది. జ్యోతిక ల్యాప్‌టాప్ తెరిచింది. తెల్లటి తెర. కొత్త ఫ్లో. ఒక మెసేజ్ బాక్సు, పదిరోజులు ఆగే బాక్సు, మళ్లీ వెనక్కి తిరిగే బాణం. మొన్న గీసిందే, గీతలో తేడా లేదు. కాకపోతే ఈసారి ఎవరి కోసమో ఆ మనిషి పక్కనే కూర్చుని చూస్తోంది. నిజం కోసం నిన్న అంత చేసిన తను ఇవాళ ఇక్కడ కూర్చుని ఏడాది పాత అబద్ధాన్ని మళ్లీ టైపు చేస్తోంది. సిగ్గుగానే ఉంది. కానీ మొన్నటి సిగ్గు ఇది కాదు.

'నిన్నటి మెసేజ్ పొరపాటున వచ్చింది. సూర్యప్రభ గారికి తగిన సంబంధం కోసం శ్రద్ధగా వెతుకుతున్నాం. త్వరలో కబురు చేస్తాం.'

సూర్యప్రభ కళ్లు చికిలించి చదివింది. "'త్వరలో' తీసెయ్యండి."

"అది ఎప్పుడు ఉంటది గదండి?"

"ఉంటే రోజూ అడుగుతాడు, ఏమైంది ఏమైంది అని. ఏడాదిగా దాంతో చస్తున్నాను."

రవితేజ కిటికీ దగ్గరే నవ్వు ఆపుకున్నాడు. జ్యోతిక ఆ మాట తీసేసింది. "'నిదానంగానైనా మంచి సంబంధం చూస్తాం' అని పెట్టాలా?"

"అది బావుంది."

ఆమోదం వచ్చేదాకా ఎదురుచూస్తూ టీ తాగారు. మెసేజ్ వెళ్లింది. దాని పక్కన రెండు గీతలు నీలంగా మారాయి. అందరూ వాటివంకే చూస్తుండగా ఇంద్రాణి టేబుల్ మీది ఫోను మోగింది. నాగార్జున.

జ్యోతిక ఇది ఆలోచించలేదు. మెసేజ్ ఎలా వెళ్లాలో గీసిపెట్టింది కానీ, అవతలివాడు ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలన్నది ఏ బాక్సులోనూ లేదు.

ఇంద్రాణి గొంతు సవరించుకుని ఎత్తింది. "ఆ, నాగార్జున గారూ, చెప్పండి. అవునండీ, కొత్త మిషన్ పెట్టాం, అందరికీ ఒకటే కొట్టేసింది. మీకు రావలసింది కాదది... ఉన్నారండీ, చూస్తున్నాం. పేరు ఇప్పుడే చెప్పకూడదు. ఇలాంటివి తొందరపడితే చెడతాయి, మీకు తెలియంది కాదు... ఆదివారమా? మీ ఇష్టమండీ. కానీ రేపు ఇటువైపు వాళ్లకి తెలిస్తే, చెల్లెల్ని రెండు చోట్ల చూపిస్తున్నారని అనుకోరూ?... అదీ. మీరు పెద్దవాళ్లు, మీకు నేను చెప్పాలా."

ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. తప్పిపోబోయిన సంబంధాలు ఎన్నింటినో ఇలా మాటలతో నిలబెట్టిన గొంతు అది. ఫోను పెట్టేసి, "ఏలూరు వాళ్లకి రావద్దని చెప్తాడట" అంది మామూలుగా. తర్వాత సూర్యప్రభ వైపు తిరిగి, "కొన్నాళ్లమ్మా. నేనెల్లకాలం ఇలా చెప్పలేను" అంది.

"తెలుసండీ." సూర్యప్రభ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "ఈలోపు నేనే చెప్పుకుంటాను. గొడవవుతుందని ఎప్పుడూ సగంలోనే ఆపేశాను. ఒక్కసారైనా చివరిదాకా చెప్పాలి." జ్యోతిక భుజం మీద చెయ్యి వేసి తీసింది. "నీ మీద కోపం లేదమ్మా. అడిగుంటే బావుండేది, అంతే."

చెప్పులు వేసుకుని మెట్లు దిగుతున్న చప్పుడు కిందిదాకా వినిపించింది.

*

ఇంద్రాణి చల్లారిన టీని పక్కకు నెట్టింది. ఆపేసిన ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది.

"మిగతావాళ్లకి ఏం పంపుదాం చెప్పు. పాతదేనా, నీదేనా?"

జ్యోతిక రెండో వైపు తెరిచి చూసింది. నిన్నటి తన మెసేజ్ కింద కొత్త జవాబులు వచ్చి పడి ఉన్నాయి. ఒకావిడ తిట్టింది. ఒకావిడ దండం బొమ్మ పెట్టింది. ఒకావిడ ఏమీ రాయకుండా ఆఫీసు నంబరునే బ్లాక్ చేసేసింది. వీళ్లలో పెళ్లి కావాలనుకునేవాళ్లు ఎవరో, ఇంట్లో పోరు పడలేక పేరిచ్చినవాళ్లు ఎవరో, ఊరికే ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడదామని ఉన్నవాళ్లు ఎవరో ఇంద్రాణికి తెలియదు. జ్యోతికకూ తెలియదు. ఇద్దరూ తెలిసినట్టే రాశారు.

"రెండు ఒద్దు మేడం" అంది. "కొన్ని దినాలు ఈ వైపు ఏ మెసేజ్ పోకుండ ఆపుత. ముందుగాల అడుగుదాం."

"అడగడమంటే? ప్రశ్న పెట్టి, కింద మూడు బటన్లా?"

"బటన్లు తర్వాత. ఏం బటన్లు పెట్టాలెనో మనకు ఎరుక లేదు గద."

ఇంద్రాణి కళ్లజోడు పెట్టుకుని తెర మీది పేర్ల వైపు చూసింది. "ఇంతమందికీ ఫోన్లు చేస్తావా?"

"మీరు సగం చేస్తే."

రవితేజ వాచీ చూసుకున్నాడు. ఏదో అనబోయి, ఇంద్రాణి మొహం చూసి ఆగాడు. "అమ్మాయిని ఈ పూట నా దగ్గర వదిలెయ్యండి రవితేజ గారూ" అంది ఆవిడ. "చెడగొట్టిన చేత్తోనే బాగు చేయించుకుంటాను." రెండు ఫోన్లలో ఒకటి జ్యోతిక ముందుకు జరిపి, రెండోది తాను తీసుకుని కళ్లజోడు సవరించుకుంది.

జ్యోతిక తెర మీద మొదటి పేరు చూసింది. సంధ్యారాణి, బడంగ్‌పేట్. నంబరు నొక్కి చెవికి పెట్టుకుంది. ఎన్నో వందల మందికి పోయే మెసేజ్‌లు తయారుచేసింది కానీ, వాళ్లలో ఒక్కరికి కూడా ఇప్పటిదాకా ఫోన్ చేయలేదు.

"హలో, ఎవరు?" అవతల కుక్కర్ ఈల. ఏదో వేగుతున్న చప్పుడు.

"నమస్తే అక్కా. పెళ్లి సంబంధాల ఆఫీసు నుంచి. నా పేరు జ్యోతిక."

"నిన్న సంబంధాలు లేవని మెసేజ్ పెట్టిండ్రు గద. మళ్లేంది?"

"ఆ మెసేజ్ పెట్టింది నేనే అక్కా. మిమ్ముల అడగకుండనే పెట్టిన. గిప్పుడు అడుగుదామని చేసిన. మీకు నిజంగ ఏం గావాలె? మేము సంబంధం చూడాల్నా, ఒద్దా? లేకపోతే ఇంకేమన్ననా? మీరు ఏది చెప్తే అది."

వేగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పెట్టేసిందేమో అని జ్యోతిక తెర చూసింది. పెట్టలేదు.

"నాకా?" అంది సంధ్యారాణి చివరికి. "నాకు ఏం గావాలె అని అడుగుతున్నవా?"

"అవునక్కా."

"జర ఆగు" అంది ఆమె. "స్టవ్ బంద్ చేసి వస్త."

చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో కుర్చీ లాగుతున్నట్టు వినిపించింది. జ్యోతిక ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ల్యాప్‌టాప్ మూసేసి, ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగింది.